వేలికి తెలిసే ఆయిల్ వేరు, ఇంజిన్‌లో తిరిగే ఆయిల్ వేరు: హనుమకొండలో ఆరు నెలల ప్రాజెక్టు డైరీ

డిసెంబర్ 14

బాపు స్ప్లెండర్‌కు ఆయిల్ మార్పించడానికి ములుగు రోడ్డు మీద మేం ఎప్పుడూ పోయే మెకానిక్ అన్న దగ్గరికి వెళ్లాను. బండి 2009 మోడల్, 81 వేల కిలోమీటర్లు తిరిగింది. మాన్యువల్లో రాసి ఉన్న 10డబ్ల్యూ-30 డబ్బా నేనే కొని తీసుకెళ్లాను. అన్న మూత తీసి రెండు చుక్కలు బొటనవేలి మీద వేసుకుని, చూపుడువేలితో రుద్ది చూశాడు. "గిదేంది తమ్మీ, నీళ్ల లెక్క ఉన్నది. పాత బండి, ఎండలు ముదిరితే ఇది ఆగదు. 20-50 పోద్దాం, యాభై డిగ్రీల ఎండ దాకా ఫికరుండది" అన్నాడు.

ఆయన చేతిలో ఎన్ని ఇంజిన్లు విప్పి బిగించుకున్నాయో నాకు తెలుసు, అందుకే ఆ మాటను కొట్టిపారేయలేకపోయాను. కానీ దారంతా రెండు ప్రశ్నలు. షాపులో ఆయన వేలు చూసింది పాతిక డిగ్రీల దగ్గరున్న ఆయిల్‌ను. ఇంజిన్ ఆ ఆయిల్‌ను ఎంత వేడి దగ్గర వాడుకుంటుంది? డబ్బా మీది 50 నిజంగా ఎండ డిగ్రీలేనా?

ఈసారికి 10డబ్ల్యూ-30 పోయించుకుని వచ్చాను. తీసిన పాత ఆయిల్ అర లీటరు సీసాలో పట్టి, 3,400 కిలోమీటర్లు అని చీటీ అంటించాను.

డిసెంబర్ 17

రెండో ప్రశ్నకు జవాబు తొందరగానే దొరికింది. ఆ అంకెలు డిగ్రీలు కావు, గ్రేడ్లు. అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం ఎస్.ఏ.ఈ. 1911లో ఈ వర్గీకరణ మొదలుపెట్టింది, ఇప్పుడు దాన్ని జే300 అంటారు. గీత తర్వాత ఉండే అంకె, ఆయిల్ 100 డిగ్రీల వేడి దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. సెంటీస్టోక్ అనేది చిక్కదనాన్ని (పుస్తకాల్లో స్నిగ్ధత అంటారు) కొలిచే యూనిట్, 20 డిగ్రీల దగ్గర మంచినీళ్లది దాదాపు 1 ఉంటుంది.

ముందుండే అంకె, దాని పక్కన డబ్ల్యూ, అది వింటర్‌కు గుర్తు. దాని పరీక్ష జరిగేది మన చలిలో కాదు. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మనకు జనవరి తెల్లవారుజామున 14, 15 ఉంటే చలిమంట వేసుకుంటాం. ఆదిలాబాద్ వైపు ఇంకా దిగుతుంది గానీ మైనస్ మాట లేదు. మరి మనకు ఆ ముందు అంకెతో పనేముంది అనుకున్నాను. ఆ అనుకోవడం తప్పని జనవరిలో తెలిసింది.

డిసెంబర్ 21

పరికరం తయారైంది. మెడికల్ షాపులో 60 మిల్లీలీటర్ల సిరంజి కొని, లోపలి పిస్టన్ తీసేశాను. సూది పెట్టలేదు. ముక్కును వేలితో మూసి ఆయిల్ నింపి, 50 గీత నుంచి 20 గీతకు మట్టం దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో స్టాప్‌వాచ్‌తో చూడటమే పని. చిక్కగా ఉంటే ఎక్కువ సేపు, పల్చగా ఉంటే తక్కువ సేపు.

వేడి కొలవడానికి మల్టీమీటర్‌తో వచ్చే థర్మోకపుల్ వైరు. దాన్ని ముందు ఐసు నీళ్లలో, తర్వాత మరిగే నీళ్లలో పెట్టి సరిచూశాను. వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి నీళ్లు 99 దగ్గర మరగాలి, 98.5 చూపించింది. ఈ పనికి అది చాలు.

ఆయిల్‌ను మాత్రం నేరుగా స్టవ్ మీద పెట్టొద్దు. చిన్న స్టీలు గ్లాసులో పోసి, ఆ గ్లాసును నీళ్ల గిన్నెలో నిలబెట్టి వేడి చేశాను, అలా చేస్తే నీళ్ల వేడిని దాటి పోదు. గిన్నె, గ్లాసు రెండూ పాత సామాన్లోవి, మళ్లీ వంటింట్లోకి పోవు. పాత ఆయిల్ ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవుజులు తప్పనిసరి, వాడిన ఆయిల్ చర్మానికి మంచిది కాదు. పరీక్ష అయిపోయిన ఆయిల్ మోరీలో పోయకుండా డబ్బాలో దాచి మెకానిక్ అన్న డ్రమ్ములో వేస్తున్నాను.

డిసెంబర్ 28

మూడు కొత్త ఆయిళ్లు: 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50. ప్రతి వేడి దగ్గర మూడేసి సార్లు చూసి సగటు రాసుకున్నాను. ఆదివారం పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 దాకా పట్టింది.

30 డిగ్రీల దగ్గర 10డబ్ల్యూ-30కి 90 సెకన్లు, 20డబ్ల్యూ-40కి 172, 20డబ్ల్యూ-50కి 230. అంటే అన్న వేలు అబద్ధం చెప్పలేదు. గది వేడి దగ్గర ఆయన అడిగిన ఆయిల్ నేను తెచ్చినదానికంటే రెండున్నర రెట్లు చిక్కన.

ఐసు ముక్కలు వేసి 15 డిగ్రీలకు దించాను. 10డబ్ల్యూ-30 మూడున్నర నిమిషాల్లోపే దిగింది. 20డబ్ల్యూ-40కి ఏడున్నర నిమిషాలు. 20డబ్ల్యూ-50 అయితే పది నిమిషాలు దాటింది, దారం తెగకుండా సన్నగా, మెల్లగా కారుతూ ఉంది, అమ్మ వచ్చి కాసేపు నిలబడి చూసి "పాకం లెక్కనే ఉన్నది కదరా" అంది. ఇక్కడ తేడా మూడు రెట్లు.

60 దగ్గర వరసగా 29, 43, 54 సెకన్లు. 90 దగ్గర 16, 20, 23.

చివరి వరస చూసి పొంగిపోయాను. 15 దగ్గర పది నిమిషాలు తీసుకున్న ఆయిల్ 90 దగ్గర 23 సెకన్లలో దిగిపోయింది, మూడు ఆయిళ్ల మధ్య తేడా దాదాపు కరిగిపోయింది. బాపుకు చూపిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితం అంతా చదివి, "ఆఖరి వరస మీద నాకు నమ్మకం లేదు కొడుకా, అంత దగ్గరికి రావు" అన్నాడు. బాపు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు.

జనవరి 3

బాపు అన్నదే నిజం. కంపెనీల డేటా షీట్లు చూశాను. నేను వాడిన 10డబ్ల్యూ-30కి 40 డిగ్రీల దగ్గర 70, 100 దగ్గర 10.6 సెంటీస్టోక్స్ అని ఉంది. 20డబ్ల్యూ-50కి 165, 18.2. అంటే వేడిలో కూడా ఒకటి ఇంకోదానికి 1.7 రెట్లు ఉండాలి. నా సిరంజి లెక్కలో 1.4 మాత్రమే వచ్చింది.

తప్పు సిరంజి ముక్కులో ఉంది. ముక్కు పొట్టిగా, వెడల్పుగా ఉంటే పల్చటి ఆయిల్ వేగంగా దూకుతుంది. అప్పుడు దాని బరువు ఇచ్చే తోపులో కొంత భాగం చిక్కదనాన్ని ఎదిరించడానికి కాకుండా ఆయిల్‌కు వేగం ఇవ్వడానికే ఖర్చయిపోతుంది. చల్లటి చిక్కటి ఆయిల్ మెల్లగా కదులుతుంది కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. వేడి ఆయిల్‌కు పొడుగాటి సన్నటి దారి కావాలి.

హనుమకొండలో ఒక ఏసీ రిపేరు షాపుకు వెళ్లి, పారేసే క్యాపిలరీ ట్యూబు ముక్క అడిగాను. ఊరికే ఇచ్చారు. రాగి గొట్టం, లోపలి రంధ్రం 1.6 మిల్లీమీటర్లు. ఆరు సెంటీమీటర్లు కోసి, కొసలు నున్నగా రాసి, సిరంజి ముక్కుకు బిగించాను. సిరంజి చుట్టూ కోసిన వాటర్ బాటిల్ తొడిగి అందులో వేడినీళ్లు పోశాను, లేకపోతే కొలిచేలోపే ఆయిల్ చల్లారిపోతోంది.

90 దగ్గర ఈసారి పది మిల్లీలీటర్లే దింపాను. 10డబ్ల్యూ-30కి 36 సెకన్లు, 20డబ్ల్యూ-40కి 51, 20డబ్ల్యూ-50కి 65. తేడా 1.8 రెట్లు, డేటా షీట్‌కు దగ్గరగా వచ్చింది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నిద్ర పట్టిన రాత్రి ఇదే.

ఇదే గొట్టంలో ఆ 3,400 కిలోమీటర్ల పాత ఆయిల్ పోశాను. 30 సెకన్లు. కొత్తదానికి 36. నల్లగా, చూడటానికి చిక్కగా కనిపించే పాత ఆయిల్ నిజానికి ఆరో వంతు పల్చబడింది. 10.6ను అదే పాళ్లలో తగ్గిస్తే 8.8 వస్తుంది, 30 గ్రేడుకు కనీసం 9.3 ఉండాలి. అంటే డబ్బా మీద 30 అని కొన్న ఆయిల్, తీసేనాటికి 30గా మిగల్లేదు.

జనవరి 5

ఎందుకు పల్చబడిందో రాసుకోవాలి, మర్చిపోతాను.

మామూలు ఆయిల్ చల్లగా ఉంటే గడ్డకట్టినట్టు, వేడెక్కితే నీళ్లలా అయిపోతుంది. వేడికి ఎంత తక్కువ మారితే అంత మంచిదని లెక్కించడానికి 1929లో డీన్, డేవిస్ అనే ఇద్దరు విస్కాసిటీ ఇండెక్స్ అనే కొలత పెట్టారు. అప్పట్లో బాగా నిలకడగా ఉన్న పెన్సిల్వేనియా ఆయిల్‌కు 100, బాగా మారిపోయే గల్ఫ్ తీరపు ఆయిల్‌కు సున్నా. ఇలా రెండు అంకెలుండే మల్టీగ్రేడ్ ఆయిల్లో పొడుగాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. చల్లగా ఉన్నప్పుడు అవి ముడుచుకుని ఉండి పెద్దగా అడ్డు రావు, వేడెక్కితే విచ్చుకుని ఆయిల్ మరీ పల్చబడకుండా పట్టి ఉంచుతాయి. కార్లలో గేరుబాక్సుకు వేరే ఆయిల్. మన బైకులో ఇంజిన్‌కు, గేర్లకు, క్లచ్‌కు అన్నిటికీ అదే ఒక్క లీటరు లోపు ఆయిల్. గేరు పళ్ల మధ్య నలిగి ఆ గొలుసులు తెగిపోతాయి, ఒకసారి తెగితే మళ్లీ అతకవు. దానికి తోడు చలిలో చోక్ వేసి కిక్కు కొట్టిన ప్రతిసారీ కాల్చకుండా మిగిలిన పెట్రోలు కొంచెం కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. రెండూ కలిసి పల్చన చేస్తాయి.

క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి బైకుకు జాసో ఎంఏ (జపాన్ వాళ్ల బైకు ఆయిల్ ప్రమాణం) అని రాసి ఉన్నదే పోయాలి, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఇది చాలామంది పట్టించుకోరు.

జనవరి 11 నుంచి 25

ఇప్పుడు అసలు ఇంజిన్. ఇంకో డిప్‌స్టిక్ కొని, మూతకు సన్న రంధ్రం చేసి థర్మోకపుల్ వైరు దించి, గాస్కెట్ పేస్టుతో మూసేశాను. ఒక వారం 10డబ్ల్యూ-30, తర్వాతి వారం 20డబ్ల్యూ-50. రోజూ పొద్దున 6 గంటలకు, వాకిట్లో 15, 16 డిగ్రీలు ఉండగా మొదలు.

10డబ్ల్యూ-30తో రెండో కిక్కుకు స్టార్ట్. స్టార్టయ్యాక పైన టాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) టకటక మూడు, నాలుగు సెకన్లలో ఆగింది. 20డబ్ల్యూ-50తో నాలుగో, ఐదో కిక్కు. టకటక ఏడెనిమిది సెకన్ల దాకా ఉంది, ఫోన్లో రికార్డు చేసి మరీ లెక్కపెట్టాను. క్లచ్ పట్టుకుని మొదటి గేరు వేస్తే బండి దానంతట అదే ముందుకు పాకింది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడలేదు. క్లచ్ ప్లేట్ల మధ్య ఆయిల్ జిగురులా పట్టుకుని విడవకపోవడమే కారణం. బండి వేడెక్కాక అదే క్లచ్ మామూలైంది. డబ్ల్యూ ముందు అంకెతో మనకేం పని అన్న ప్రశ్నకు ఇదీ జవాబు. మైనస్ 25 పరీక్షలో గెలిచిన ఆయిల్, 15 దగ్గర కూడా పైకి తొందరగా చేరుతుంది.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది మాత్రం వేడి లెక్క. మా ఇంటి నుంచి నాలుగు కిలోమీటర్లు పోయాక ఆయిల్ వేడి 48 మాత్రమే. కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి దాకా వెళ్తే గానీ 74 చేరలేదు. బాపు రోజూ పోయేది కూరగాయల మార్కెట్టుకు, రెండున్నర కిలోమీటర్లు. అంటే చలికాలంలో ఆయన తిరిగే తిరుగుడంతా ఆయిల్ పూర్తిగా పల్చబడకముందే అయిపోతోంది. ఆ దూరంలో 20డబ్ల్యూ-50 పోస్తే ఇంజిన్ తన బలంలో కొంత ఆయిల్ చిలకడానికే పెట్టాలి.

మెకానిక్‌లు మైలేజీ చూసే 100 మిల్లీలీటర్ల పెట్రోలు బాటిల్ తగిలించి అదే దారి, అదే వేగం, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి చూశాను. 10డబ్ల్యూ-30తో 6.2 కిలోమీటర్లు, 20డబ్ల్యూ-50తో 5.9. ఒక్కోదానికి నాలుగు సార్లు చూసిన సగటు ఇది.

జనవరి 26

రాత్రి బాపు హాట్ యాక్సిల్ గురించి చెప్పాడు. వ్యాగన్ ఇరుసు బేరింగ్‌లో నూనె పొర తెగితే ఇనుము ఇనుముతో రాసుకుని ఎర్రగా కాలిపోతుంది, స్టేషన్లో బండి పోతుంటే పాయింట్స్‌మెన్ దాని వాసన పట్టేవాళ్లట. ఆ పొర ఎలా నిలుస్తుందో రైలు ఇరుసు బేరింగుల మీదే మొదట తేలింది. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు బేరింగ్ పైన నూనె పోయడానికి రంధ్రం చేస్తే, ఇరుసు తిరుగుతున్నప్పుడు నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఎగదన్నింది. బిరడా పెట్టాడు, చెక్క మేకు పెట్టాడు, రెండింటినీ తన్నేసింది. తిరిగే ఇరుసు తనంతట తానే నూనెను ఇరుకు సందులోకి లాక్కుని, ఆ ఒత్తిడి మీద తేలుతుందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. ఆ గణితంలో చిక్కదనం, వేగం, బరువు మూడూ ఉన్నాయి. చిక్కదనం తక్కువైతే పొర తెగుతుంది, ఎక్కువైతే పొర ఉంటుంది గానీ తిప్పడానికి బలం వృథా. బాపు విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మేం వాసనతోటి పట్టినం, వాళ్లు లెక్కతోటి పట్టిన్రు" అన్నాడు.

ఫిబ్రవరి 15

మళ్లీ 10డబ్ల్యూ-30. మేడారం పోయివచ్చాం. తాడ్వాయి అడవి దారిలో వేడి 84, 86 మధ్య నిలకడగా ఉంది. ఆగకుండా పోయే బండికి గాలి బాగా తగులుతుంది.

మే 10 నుంచి 14

ఇది రాయడానికి నెలలుగా ఎదురుచూశాను. మధ్యాహ్నం 2 గంటలు, నీడలో 43. ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్లి, హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్‌లో నలిగి ఇంటికి వచ్చాను. ఆయిల్ వేడి 104.

జనవరిలో 74, మేలో 104. కారులో థర్మోస్టాట్, నీళ్లు ఉంటాయి కాబట్టి బయట ఎండ ఎంతున్నా ఇంజిన్ వేడి పెద్దగా మారదు. గాలితోనే చల్లబడే మన బైకు ఇంజిన్‌కు ఆ వసతి లేదు, బయట 28 డిగ్రీలు పెరిగితే లోపల 30 పెరిగింది. ఈ విషయంలో మెకానిక్ అన్న భయం నిజమైనదే. రెండు వేడిల దగ్గర అంకెలు తెలిస్తే మిగతా వేడికి లెక్కగట్టే వాల్తర్ సమీకరణం ఒకటి ఉంది, దాని ప్రకారం కొత్త 10డబ్ల్యూ-30 చిక్కదనం 74 దగ్గర 20 చిల్లర, 104 దగ్గర 9.7. సగానికి పైగా పోయింది.

అయినా 9.7 అనేది ఆ ఇంజిన్‌కు తయారీదారు అడిగిన గ్రేడు లెక్కలోనే ఉంది. నన్ను భయపెట్టింది వేరే. ఇప్పుడు బండిలో ఉన్నది కొత్త ఆయిల్ కాదు, జనవరి చివర పోసింది, 2,900 కిలోమీటర్లు తిరిగింది. దించి క్యాపిలరీలో 90 దగ్గర చూస్తే 31 సెకన్లు. దాని చిక్కదనం 104 దగ్గర ఎనిమిది చిల్లర ఉంటుంది. ఎండ, పాతబడ్డ ఆయిల్ రెండూ ఒకేసారి కలిసిన రోజు ఇది. ఐడిల్‌లో టాపెట్ల శబ్దం కూడా గట్టిగానే వినిపించింది.

కొత్త 10డబ్ల్యూ-30 పోశాను. శబ్దం తగ్గింది, పూర్తిగా పోలేదు. నాలుగు రోజుల తర్వాత 20డబ్ల్యూ-40 పోసి చూశాను, ఇంకొంచెం తగ్గింది. మైలేజీ బాటిల్‌తో మధ్యాహ్నం చూస్తే 6.6, 6.5. ఆ తేడా నా చేతి పొరపాటులో కలిసిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం చిక్కటి ఆయిల్ పెట్రోలు తాగదు, చలికాలం పొద్దున తాగుతుంది.

బాపుతో మాట్లాడి ఇలా అనుకున్నాం. ఏడాదంతా మాన్యువల్లో ఉన్న గ్రేడే, కానీ ఉగాది రాకముందే, ఎన్ని కిలోమీటర్లు అయినా కాకున్నా, ఒకసారి మార్చేయాలి.

మే 24

సిరంజి, గొట్టం, ఫ్లాస్కు నిండా వేడినీళ్లు పట్టుకుని మెకానిక్ అన్న షాపుకు వెళ్లాను. 90 దగ్గర మూడు ఆయిళ్లూ ఆయన ముందే దింపాను. స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుని, స్టాప్‌వాచ్ ఆయనే పట్టుకున్నాడు. కప్పులో పడ్డ 20డబ్ల్యూ-50 చూసి అలవాటుగా వేలు పెట్టబోయి, వేడి తగిలి వెనక్కి తీసుకున్నాడు. కొంచెంసేపు ఆగి, "ఇన్నేండ్లు చల్లటిదే పట్టి చూసిన తమ్మీ" అన్నాడు.

తర్వాత ఆయన అడిగింది నా దగ్గర జవాబు లేని ప్రశ్న. "గట్లైతే నా కాడికి పొగ కొట్టుకుంట వచ్చే బండ్లకు చిక్కటిది పోస్తే పొగ ఎందుకు తగ్గుతున్నది మరి?" పిస్టన్ రింగులు అరిగి సందు పెరిగిన ఇంజిన్‌లో 90 దగ్గరి ఆ 1.8 రెట్ల తేడానే పనికొస్తుందేమో, ఆయిల్ పైకి తక్కువ పాకుతుంది కాబట్టి తక్కువ కాలుతుందేమో అన్నాను. మా బండి అంత అరగలేదు. అరిగినదాన్ని నేను కొలవలేదు.

అన్న లోపలికి వెళ్లి, ఆ పొద్దున్నే ఒక పొగ బండి నుంచి దించిన ఆయిల్ నీళ్ల సీసాలో పోసి తెచ్చాడు. ఓడోమీటర్ చూసి 1,12,400 అని బాల్‌పెన్‌తో చీటీ మీద రాసి, తనే అంటించి ఇచ్చాడు. ఆ బండికి ఇప్పుడు 20డబ్ల్యూ-50 పోశాడట, వచ్చే సర్వీసుకు దాన్ని కూడా దించి ఉంచుతానన్నాడు. సీసా మా బాల్కనీలో, బాపు రేడియో పక్కన ఉంది. ఆదివారం నీళ్లు మరిగించాలి.